ఫెర్గస్ గారు తినని ప్రసాదం

మా ఇంటి ఓనరు ఫెర్గస్ మెక్‌ఫీ గారు పోలింగుకు ముందురోజు మా ఇంటికి సత్యనారాయణ వ్రతానికి వచ్చి, కథంతా విని, ప్రసాదం తీసుకోకుండా లేచి వెళ్ళిపోయారు. తప్పు ఆయనదని నేను అనను. సరిగ్గా హారతి అవుతుండగా ఆయనకు ఫోను వచ్చింది. ఫైర్ స్టేషన్ ముందు కట్టిన ఆయన పోస్టరును ఎవరిదో మేక తింటోందట. "గడ్డం దాకా వచ్చేసిందట!" అంటూ మాకు దండం పెట్టి గుమ్మం దాటి పరుగెత్తారు.

మేము ఉండేది డెగ్గెన్‌డార్ఫ్ పక్కన హింటర్‌కోగెల్ అనే చిన్న ఊళ్ళో. కింది వాటాలో నేను, నా భార్య లక్ష్మీదేవి, మా అమ్మాయి సహస్ర. పై వాటాలో ఫెర్గస్ గారు, ఆయన భార్య. ఆయనది స్కాట్లాండు, ఆవిడది ఈ ఊరే. ఆ ఆదివారం ఎన్నికలో ఆయన ఈ ఊరి మేయరు పదవికి నిలబడ్డారు.

మాకు జర్మనీలో శాశ్వతంగా ఉండడానికి అనుమతి వచ్చిందని వ్రతం పెట్టుకున్నాం. పౌర్ణమి మంగళవారం పడింది. ఇక్కడ మంగళవారం ఎవరికీ కుదరదు కనుక స్వామిని శనివారానికి జరిపాం. ఇలా జరపడం సబబేనా అని నాకు ప్రతిసారీ చిన్న అనుమానం వస్తుంది. అడిగితే అందరూ "ఏం పరవాలేదండీ" అంటారు గాని, ఎందుకు పరవాలేదో ఎవరూ చెప్పరు.

మంత్రాలు చెప్పింది తెనాలి నుంచి నరసింహులు గారు, వీడియో కాల్లో. పూజ అనగానే ఫెర్గస్ గారు వాళ్ళ దేశపు పండగ దుస్తుల్లో వచ్చారు. మోకాళ్ళ దాకా గళ్ళ కుచ్చిళ్ళు, పొడుగు మేజోళ్ళు, నడుముకు తోలు సంచి.

"వీరాంజనేయులు గారూ, ఆ లంగా కట్టుకున్న పెద్దాయన ఎవరండీ?" అన్నారు నరసింహులు గారు ఫోనులోంచి.

"మా ఓనరు గారండి. రేపు ఎలక్షన్లో నిలబడుతున్నారు."

"అలాగా! అయితే ఆయన పేరు మీద కూడా సంకల్పం చెబుదాం. ఆ తోలు సంచి తీసి అవతల పెట్టమనండి. గోత్రం ఏమిటి?"

నేను ఇంగ్లీషులో అడిగాను. ఫెర్గస్ గారు నిటారుగా కూర్చుని వంశచరిత్ర మొదలుపెట్టారు. పూర్వీకులలో ఒకాయన సముద్రంలోంచి సీలు జంతువు రూపంలో వచ్చిన కన్యను పెళ్ళాడాడట. ఆయన కొడుకు పక్క దీవి వాళ్ళ ఆవుల్ని రాత్రిపూట తోలుకొచ్చాడట. మనవడు ఆ ఆవుల కోసం ఉరికంబం ఎక్కాడట.

"గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప అని చెప్పేస్తాం లెండి," అని నరసింహులు గారు మధ్యలో ఆపారు. శర్మణ్య దేశంలో, డాన్యూబ్ నదికి ఉత్తర తీరాన, కాశ్యప గోత్రుడైన ఫెర్గస్ నామధేయుడికి ఎన్నికలో విజయం కలగాలని చక్కగా సంకల్పం చెప్పారు. ఫెర్గస్ గారు అక్షతలు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అంతవరకు ఏ లోటూ లేదు.

ఆయన పరుగెత్తిన తరవాత లక్ష్మి ప్రసాదం గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏవండీ, ఆయన ప్రసాదం తీసుకోలేదండీ."

"మేక వచ్చింది కదా."

"మేక సంగతి స్వామికి ఎవరు చెబుతారండీ? పైగా ఆయన పేరున సంకల్పం కూడా అయింది. గెలిపించమని అడిగి, పెట్టింది తినకుండా పోయాడాయన!"

ప్రసాదం వదిలేసి వెళ్ళినవాళ్ళకు ఏమవుతుందో మేము అప్పుడే కథలో విన్నాం. ఫెర్గస్ గారు కూడా విన్నారు, కాకపోతే తెలుగులో.

"నాన్నా, గాడ్‌కి అంత కోపం ఎందుకు? హీ డిడంట్ నో!" అంది సహస్ర.

"కోపం కాదమ్మా, నియమం," అన్నాను. ఆ రెంటికీ తేడా ఏమిటని అది అడగకముందే హారతి పళ్ళెం లోపలికి పట్టుకెళ్ళాను.

మరునాడు సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ఫెర్గస్ గారు ఒక్క దెబ్బతో గెలుస్తారని ఊరంతా అనుకుంది. ఆయనకు పోటీ యోసెఫ్ హిర్ట్‌రైటర్ గారు, పందుల ఫారం యజమాని, ఊరి అగ్నిమాపక దళానికి నాయకుడు. మూడో ఆయన ఒకరు ఉన్నారు. 'నేను పోటీ నుంచి తప్పుకున్నాను, దయచేసి నాకు ఓటు వెయ్యకండి' అని ఆయన ఇంటింటికీ తిరిగి చెప్పారు. అంత వినయంగా అడిగిన మనిషి ఈ ఊళ్ళో ఇంతకు ముందు లేడట. చాలామంది మెచ్చుకుని ఆయనకే వేశారు. దాంతో ఎవరికీ సగం ఓట్లు రాలేదు. రెండు వారాల తరవాత మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోలింగు అన్నారు.

"చూశారా?" అంది లక్ష్మి.

సోమవారం పొద్దున చెత్తడబ్బాలు వీధిలోకి లాగుతుంటే ఫెర్గస్ గారు కనిపించారు. ముఖం వాడిపోయి ఉంది.

"వీరా, ఇది నా ఆఖరి ఎన్నిక," అన్నారు. "నేను రెండు దేశాల్లో, రెండు భాషల్లో ఓడిపోయాను. మూడో భాష నేర్చుకునే వయసు కాదు."

అక్కడే, పసుపు రంగు చెత్త సంచుల పక్కన నిలబడి, తన జీవితం చెప్పారు. పుట్టింది స్కాట్లాండు పడమటి సముద్రంలో ఒక దీవి. గాలి వీస్తే ఆ దీవికి ఓడ రాదు, అక్కడ గాలి వీయని రోజు లేదు. ఓడ కావాలని అడగడానికి రాజకీయాల్లోకి వచ్చారు. ఓడ రాకపోవడం వల్ల మొదటిసారి నామినేషను వెయ్యలేకపోయారు. తరవాత రెండుసార్లు ఓడి, మూడోసారి గెలిచి ఎడిన్‌బరో పార్లమెంటులో కూర్చున్నారు. ఓడ మీద ఎంత గట్టిగా మాట్లాడారంటే, చివరికి ప్రభుత్వం ఓడ ఇచ్చింది. కానీ అది ఆ దీవి రేవులో పట్టలేదు.

"ఆ తరవాత పై వచ్చింది," అన్నారు బాధగా.

పై అంటే మాంసం కూరిన రొట్టె. ఒక చలి రోజున ఒక ఓడల యజమాని ఇంటికి ఏదో ఫిర్యాదు విచారించడానికి వెళితే, ఆ ఇంటావిడ ఒక ముక్క పెట్టిందట. ఈయన తిన్నారు. వారం తిరక్కుండా కొత్త ఓడ కాంట్రాక్టు ఆ యజమానికే దక్కింది. పై తింటున్న ఫోటో పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. సభ్యత్వం పోయింది.

"వేడిగా కూడా లేదు వీరా, ఆ పై."

ఓడ దొరక్క దీవిలో చిక్కుకుపోయిన ఒక జర్మన్ పర్యాటకురాలిని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేశారు. ఊరి కౌన్సిల్లో సభ్యుడయ్యారు. ఇంతలో బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికి పోయింది. ఒక సభలో బస్టాపు కప్పు గురించి మాట్లాడిన మనిషి, తరవాతి సభకు పరాయి దేశస్థుడైపోయారు. మళ్ళీ పరీక్షలు రాసి, జర్మన్ పౌరుడై, ఇప్పుడు ఇలా నిలబడ్డారు. ఇంత ఆశ పెట్టుకున్న మనిషికి మా ఇంటి గుమ్మంలోనా అడ్డు రావడం?

ఇంట్లోకి వెళ్ళి తెనాలికి ఫోను చేశాను.

"మళ్ళీ ప్రసాదం చేసి పెట్టవచ్చా అండీ?"

"ఏ వ్రతం ప్రసాదం ఆ వ్రతానిదే కదండీ. ఆ రోజుది మిగల్లేదూ?"

లక్ష్మి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఉందండీ! ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో దాచాను."

ఫోనులోంచి నరసింహులు గారు పుస్తకం పేజీలు తిరగేస్తున్న చప్పుడు వచ్చింది.

"ఫ్రీజర్ గురించి పెద్దలు ఏమీ చెప్పలేదమ్మా," అన్నారు చివరికి. "చెడిపోలేదు కదా? చెడనిది ప్రసాదమే. పెట్టండి. పోలింగు లోపల పెట్టండి."

డబ్బా పట్టుకుని పైకి వెళ్ళాను. విషయం అంతా వివరించి చెప్పాను. ఫెర్గస్ గారు శ్రద్ధగా విన్నారు. నవ్వలేదు. ఆ డబ్బా వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"తినలేను వీరా. ఆ పై తరవాత ఒట్టు పెట్టుకున్నాను. ఎన్నిక అయ్యేదాకా ఎవరి చేతి తిండీ తినను."

"మాకు ఓటే లేదు కదండీ. మేము ఇండియా వాళ్ళం."

"మీరు నా ఇంట్లో అద్దెకు ఉన్నారు. మీ దగ్గర తిని అద్దె తగ్గించానంటారు."

"తగ్గించకండి!"

"తగ్గించకపోతే, తిని కూడా తగ్గించలేదంటారు. రాజకీయం మీకు తెలియదు."

కింద లక్ష్మి కోపంతో ఊగిపోయింది. "దేవుడి ప్రసాదాన్ని మాంసం రొట్టెతో కలిపి మాట్లాడతాడా? మీరేం చేస్తారో నాకు తెలీదు. ఆఫీసుకి వెళ్ళి అడగండి. ఈ దేశంలో ప్రతిదానికీ ఒక ఆఫీసుంటుంది కదా, దీనికీ ఉంటుంది."

నిజంగానే ఉంది. ఊరి కార్యాలయంలో ఎన్నికల అధికారి వాగెన్‌హూబర్ గారు. ఆవిడ దగ్గర టెర్మిన్, అంటే కలవడానికి సమయం, దొరకడానికే ఒక వారం పట్టింది. డబ్బాను చల్లదనం నిలిపే సంచిలో పెట్టుకుని నేను, నా పక్కన ముఖం బిగించుకుని ఫెర్గస్ గారు, ఇద్దరం ఆవిడ ఎదుట కూర్చున్నాం.

"అభ్యర్థికి బహుమతి," అని ఆవిడ కంప్యూటర్లో కొట్టారు. "దీని విలువ ఎంత?"

విలువ లేదంటే మహాపాపం. వెల కట్టలేనిది అంటే ఈ దేశపు చట్టం ఒప్పుకోదు.

"రవ్వ, చక్కెర, నెయ్యి, అరటిపండు. సామాను ధర చెప్పగలనండీ," అన్నాను. "కానీ పూజ అయ్యాక అది సామాను కాదు."

"అంటే తయారీ తరవాత విలువ పెరిగిందా?"

"పెరిగిందండీ."

"ఎంత పెరిగింది?"

"అది మనుషులం చెప్పలేమండీ."

"ఇక్కడ అంకె వెయ్యకపోతే తరవాతి పేజీ తెరుచుకోదు," అన్నారు ఆవిడ. దురుసుగా కాదు, నిజంగా బాధగానే అన్నారు. తరవాత ఒక దారి ఉందన్నారు. ఒకే వస్తువును అభ్యర్థులందరికీ సమానంగా ఇస్తే అది పక్షపాతం కాదు. అప్పుడు విలువ అడగాల్సిన అవసరమే రాదు.

"అంటే ఇది హిర్ట్‌రైటర్ కూడా తినాలా?" అన్నారు ఫెర్గస్ గారు.

"గ్రాము తేడా లేకుండా."

ఇన్ని రోజులూ ఈయనకు ఒక్క ముద్ద పెట్టాలని తిరిగాను. ఇప్పుడు ఈయన ప్రత్యర్థికి నా చేత్తో నేనే పెట్టాలి. వద్దు అనడానికి వీల్లేదు. ప్రసాదం అడిగినవాడికీ, పిలవగా వచ్చినవాడికీ లేదనకూడదని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఆయన పందులు పెంచుతాడు కదా అని ఒక క్షణం ఆలోచించాను. మరి ఫెర్గస్ గారు ఏం తింటారో నేను ఎప్పుడైనా అడిగానా? అడగలేదు. ఇక ఆ ఆలోచన వదిలేశాను.

శుక్రవారం మధ్యాహ్నం అదే ఆఫీసులో హిర్ట్‌రైటర్ గారు రబ్బరు బూట్లతో వచ్చి కూర్చున్నారు. భారీ మనిషి. నేను తెచ్చిన డబ్బా మూత తీశాను. వాగెన్‌హూబర్ గారు ఉత్తరాలు తూచే త్రాసు తెచ్చి, రెండు కాగితపు పళ్ళేలు పెట్టి తూచారు. ముల్లు సరిగ్గా నిలిచింది.

"ఆగండి," అన్నారు హిర్ట్‌రైటర్ గారు. "జీడిపప్పు ఆయన వైపుకే వచ్చింది."

అందరం వంగి చూశాం. నిజమే. పెద్ద పప్పు, నేతిలో ఎర్రగా వేగింది, ఫెర్గస్ గారి పళ్ళెంలో కూర్చుని ఉంది.

"నేను అడగలేదు," అన్నారు ఫెర్గస్ గారు, పాలిపోయి.

"అందుకే అంటున్నా. అడక్కుండా వస్తే ఇంకా అనుమానం!"

వాగెన్‌హూబర్ గారు కాగితాలు కోసే కత్తి తెచ్చి జీడిపప్పును రెండు ముక్కలు చేశారు. నేను కళ్ళు మూసుకుని స్వామిని క్షమించమన్నాను. తరవాత కుడిచేత్తో కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోవాలని చెప్పాను. ఫెర్గస్ గారు అద్దుకున్నారు. ఆయన రెండు కళ్ళకూ అద్దుకున్నారు కనుక తనకూ రెండు కళ్ళకూ హక్కుందని హిర్ట్‌రైటర్ గారు గట్టిగా అద్దుకున్నారు. కనుబొమలకు రవ్వ అంటింది.

"ఎస్ ష్మెక్ట్!" అన్నారు హిర్ట్‌రైటర్ గారు, రుచిగా ఉందని. "ఇంకా ఉందా?"

"ఆయనకు పెడితే నాకూ పెట్టాలి," అన్నారు ఫెర్గస్ గారు వెంటనే. అలా పెట్టి పెట్టి డబ్బా ఖాళీ అయింది.

ఆ రాత్రి ఎన్నాళ్ళకో నాకు నిద్ర పట్టింది. కానీ ఆదివారం ఓట్లు లెక్కపెట్టేసరికి ఇద్దరికీ సరిసమానంగా వచ్చాయి. ఒక్క ఓటు తేడా లేదు. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ అంతే.

"గ్రాము తేడా లేకుండా పెట్టారు కదా," అంది లక్ష్మి. "స్వామి ఇంకేం చేస్తాడు?"

ఓట్లు సమానమైతే చీటీలు వెయ్యాలని ఇక్కడ రూలు ఉంది. ఊరంతా ఆఫీసు ముందు పోగయింది. చీటీలు వెయ్యడానికి అగ్నిమాపక దళం టోపీ తెచ్చారు. అది హిర్ట్‌రైటర్ గారి టోపీ అని ఫెర్గస్ గారి భార్య ఒప్పుకోలేదు. ఫెర్గస్ గారి టోపీకి అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి కిటికీలో ఉన్న పూలకుండీని ఖాళీ చేసి కడిగి తెచ్చారు.

"తీసేది ఎవరు?" అన్నారు వాగెన్‌హూబర్ గారు. "ఇక్కడ ఎవరికీ ఓటు వెయ్యనివాళ్ళు కావాలి."

జనం అంతా అటూ ఇటూ చూసి, చివరికి నా వైపు తిరిగారు.

ముందుకు వెళ్ళి కుండీలో చెయ్యి పెట్టాను. అలవాటుగా స్వామిని తలుచుకున్నాను గాని, ఏమని అడగాలో తెలియలేదు. ఫెర్గస్ గారు గెలవాలని నా మనసులో ఉంది. అది నిజం. కానీ ఎదురుగా నిలబడిన రబ్బరు బూట్ల మనిషి కూడా నా చేతి ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్నాడే. ఆయన ఓడాలని ఏ నోటితో అడగను? 'స్వామీ, చెయ్యి నాది, మిగిలింది నీది' అనుకుని, వేళ్ళకు తగిలిన చీటీ తీసి, చూడకుండా ఆవిడకు ఇచ్చాను.

"మెక్‌ఫీ," అని చదివారు వాగెన్‌హూబర్ గారు.

జనం చప్పట్లు కొట్టారు. ఫెర్గస్ గారు మాత్రం కదలలేదు. ఏదైనా మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆయన జేబులోంచి కాగితం తీశారు. ఇన్నేళ్ళుగా ఆయన ఎప్పుడూ ఓడినప్పటి ప్రసంగమే రాసి ఉంచుకునేవారు, రెండోది రాసే అలవాటే లేదు. అదే చదివేశారు.

"మిత్రులారా, ప్రజల తీర్పును శిరసా వహిస్తున్నాను. నా మిత్రుడు హిర్ట్‌రైటర్‌కు హృదయపూర్వక అభినందనలు. ఆయన మంచి మేయరు అవుతారు."

హిర్ట్‌రైటర్ గారు ఏం చెయ్యాలో తెలియక మైకు తీసుకుని కృతజ్ఞతలు చెప్పారు. బ్యాండు వాళ్ళు ఆయన వైపు తిరిగి వాయించారు. వాగెన్‌హూబర్ గారు బల్ల ఎక్కి, చీటీ పైకెత్తి చూపిస్తూ అరిస్తే గాని గొడవ సర్దుకోలేదు.

ఆ సాయంత్రం లక్ష్మి పులిహోర, గారెలు, పరమాన్నం చేసింది. ఎన్నిక అయిపోయింది, ఒట్టు తీరిపోయింది, ఇక ఆయన మన ఇంట్లో కడుపునిండా తినవచ్చని దాని సంబరం. బల్ల మీద విస్తరి లాంటి పెద్ద పళ్ళెం వేసింది. ఫెర్గస్ గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగారు. వాసనకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"వీరా, అమ్మా లక్ష్మీ, క్షమించండి. ఇప్పుడు నేను మేయరును. పదవిలో ఉన్నవాడు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. ఈ పదవి ఆరేళ్ళు."

"ఆరేళ్ళా?" అంది లక్ష్మి. "ఆరేళ్ళూ మా ఇంట్లో కాఫీ అయినా తాగడా? ఏవండీ, ఈయనేదో గెలవాలని మనం ఇంత చేసింది ఇందుకా?"

ఆయన తల దించుకుని మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. అది సగంలో ఆగింది. మళ్ళీ దిగిన చప్పుడు, వీధి తలుపు తెరుచుకున్న చప్పుడు. మేము గారెల మీద మూత పెట్టేశాం. సహస్ర ఒక్కతే తింటూ ఉంది.

కాసేపటికి తలుపు కొట్టారు. తీస్తే ఫెర్గస్ గారు, ఆయన వెనక ఇంటి చెప్పులతో, ఏమీ అర్థంకాని ముఖంతో హిర్ట్‌రైటర్ గారు. ఆయన్ని ఆయన ఇంట్లో సోఫా మీంచి లేపి లాక్కొచ్చారట.

"ప్రతిపక్షాన్ని తెచ్చాను," అన్నారు ఫెర్గస్ గారు ఆయాసపడుతూ. "సమానంగా పెడితే తప్పులేదు కదా?"

లక్ష్మి ఇంకో పళ్ళెం తెచ్చి పక్కనే వేసింది. హిర్ట్‌రైటర్ గారు కూర్చుని, ఎందుకైనా మంచిదని ముందు రెండు కళ్ళకూ చెయ్యి అద్దుకుని, గారె తుంచారు.